మొదటి రెండు వారాలు తట్టుకుంటే...

డిప్రెషన్‌కు డాక్టరు రాసిచ్చిన మాత్ర వేసుకోవడానికే మనవాళ్లు వెనకాడతారు. తీరా మొదలుపెట్టాక వారం తిరక్కుండానే, ఎవరికీ చెప్పకుండా మానేసేవాళ్లూ ఉన్నారు. మందు పడలేదని వాళ్లు అనుకుంటారు గానీ, చాలాసార్లు మందుకు ఇవ్వాల్సిన గడువే ఇచ్చి ఉండరు. సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్, ఫ్లూయాక్సెటిన్ వంటి మందులతో ఇబ్బంది ముందొస్తుంది, గుణం తర్వాత కనిపిస్తుంది. మన ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది కాబట్టి మొదట తిప్పేది కడుపే. తలనొప్పి, గాభరా, నిద్ర చెదరడం కూడా మామూలే. ఇవి చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. మనసు తేలికపడటానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. ఈలోగా పరగడుపున కాఫీతో కాకుండా రెండు ఇడ్లీలు తిన్నాక మాత్ర వేసుకుంటే వికారం తగ్గుతుంది. నిద్ర పట్టకపోతే పొద్దున, మగతగా ఉంటే రాత్రి వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి. దాంపత్య జీవితంలో వచ్చే ఇబ్బంది దానంతటది పోకపోవచ్చు. సిగ్గుపడకుండా చెబితే మోతాదో మందో మారుస్తారు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న మందుల దగ్గర. అమెరికాలో ఫార్మసీ కంప్యూటరు ఒక మందుకు మరో మందు పడుతుందో లేదో చూస్తుంది గానీ, మన వంటింటి అరలోని డబ్బా దానికి కనిపించదు. తలనొప్పికి వేసుకునే ఐబుప్రోఫెన్ డిప్రెషన్ మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ట్రమడాల్, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు మందు, సెయింట్ జాన్స్ వోర్ట్ కలిస్తే సెరటోనిన్ మితిమీరవచ్చు. జ్వరం, వణుకు, కండరాలు బిగుసుకోవడం, తికమక కనిపిస్తే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. బీపీకి నీరు తీసే మాత్ర వాడే అమ్మానాన్నలకు డిప్రెషన్ మందు కూడా తోడైతే ఒంట్లో సోడియం పడిపోయే ప్రమాదం ఎక్కువ. వాళ్లు తూలినా, మాట తడబడినా వయసు మీద పడిందని సరిపెట్టుకోకండి.

డిప్రెషన్ మందు అలవాటైపోతుందని కొందరి భయం. ఇవి మత్తుమందులు కావు, రోజురోజుకూ మోతాదు పెంచమని ఒళ్లు అడగదు. కానీ ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, కరెంటు కొట్టినట్టు అదురు రావచ్చు. అందుకే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. యోగా, ధ్యానం చాలవా అంటే, అవి మేలే చేస్తాయి, వదలొద్దు. అయితే డిప్రెషన్ తీవ్రంగా ఉన్నప్పుడు మందు చేసే పని వాటికి అప్పగించలేం. ఓపిక పట్టమన్నాను కదా అని అన్నిటికీ ఆగకూడదు. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా, పెరిగినా, నిద్రే అక్కర్లేనంత హుషారు పుట్టినా అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి. 24 ఏళ్ల లోపు వారిలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక ఈ మందుల పత్రంలోనే ఉంటుంది. కాబట్టి కాలేజీలో ఉన్న పిల్లలతో ఆ రోజుల్లో రోజూ మాట్లాడండి.

మందుల పరిశోధనలో పేరు పొందిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పుట్టిన జాతి మనది. 2001లో ఫ్లూయాక్సెటిన్ 40 మిల్లీగ్రాముల జనరిక్ క్యాప్సూల్‌ను అమెరికా మార్కెట్లోకి తెచ్చింది మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీసే. లోకానికి మందులిచ్చే మనం, మన ఇంట్లో ఒకరు మాత్ర వేసుకుంటుంటే గుసగుసలాడటం తగదు. ఎవరైనా మీతో చెప్పుకుంటే "తిన్నావా, నిద్ర పట్టిందా" అని అడగండి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. అర్ధరాత్రి ఆపద అనిపిస్తే అమెరికాలో 988కి, ఇండియాలో 14416కి ఫోన్ చేయండి. డాక్టరును అడగకుండా మాత్ర మాత్రం ఆపకండి.