కొండలు మునగయ్, గోదారి మునుగుతది

మొన్న భద్రాచలంల ఒక టీ కొట్టు కాడ హైదరాబాద్ పిలగాండ్లు కలిసిన్రు. "పోలవరం కట్టినంక పాపికొండలు మునుగుతయట గదన్నా, గందుకే ముందుగాల్నే చూసిపోదామని వచ్చినం" అన్నరు. ఈ మాట చానా మంది నోట విన్న. దీంట్ల సగమే నిజం.

కొండలు మునగయ్. పోలవరం జలాశయం పూర్తి మట్టం సముద్రమట్టం నుంచి 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. పాపికొండలు వందల మీటర్ల ఎత్తున్నయ్. మునిగేది కొండల కాళ్లు. ఒడ్డుకున్న చెట్లు, ఇసుక తిన్నెలు, కొండరెడ్ల ఊర్లు.

ఎందుకంత నీళ్లు ఆపుడు? కుడి కాల్వల నుంచి 80 టీఎంసీలు కృష్ణకు మళ్లియ్యాలె, ఎడమ కాల్వల నుంచి విశాఖ దిక్కు పంపాలె. మోటార్లు లేకుంట నీళ్లు కాల్వలకు ఎక్కాలంటే జలాశయంల 41.15 మీటర్ల మట్టమన్న ఉండాలె. మొదటి దశల గంతవరకే నింపుతమంటున్నరు. గంతకే తిన్నెల పని అయిపోతది. ఎండాకాలం ఏరు తగ్గితే ఇసుక తేలుడు, వానాకాలం ఉరికి వచ్చుడు, ఇగ గక్కడ ఉండయ్. ఏరు పోయి చెరువైతది.

పూర్తిగ నింపితే ఇంకోటున్నది. 41.15కు 45.72కు నడుమ 15 అడుగుల తేడా. నీళ్లు ఎక్కి దిగే ఆ జాగల చెట్టు బతకదు. ఎండాకాలం శ్రీశైలం డ్యాం ఎనక నీళ్లు చూసినోళ్లకు తెలుసు, ఒడ్డు పొడుగున బోడి మట్టి పట్టీ ఎట్ల కనబడతదో. పాపికొండలకు గసోంటి మొలతాడే కడుతున్నరు.

నేను ఇరవై ఏండ్లప్పుడు దోస్తులతోని పోయిన. కొల్లూరు ఇసుకల ఎదురు గుడిసెల పండినం. రాత్రంత నీళ్ల సప్పుడు. ఒకాయన బొంగుల కోడి కాల్చి పెట్టిండు. తెల్లారి చూస్తే మేం పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు ఆయన భార్య ఏరుతున్నది. ఇప్పటికీ యాదికొస్తే సిగ్గైతది. పేరంటపల్లిల ఎదురు బొమ్మలు కొన్నం, బేరమాడి మరీ.

2014ల ఆ మండలాలు ఆంధ్రల కలిసినయ్. అయినా రాముని దర్శనం చేసుకొని పోచవరం కాడ బోటెక్కేటోళ్లల్ల మనోళ్లు ఇప్పటికీ ఉన్నరు.

"పెద్ద సరస్సైతది, టూరిజం పెరుగుతది" అనేటోళ్లు కూడ ఉన్నరు. ఎండాకాలం బోటు ఇసుకల కూరకపోదు, నిజమే. కని బోటు ఆగనీకె తిన్నె ఏది? వంట జేసేటాయన, బొమ్మలు అమ్మేటామె ఏడ కూసుంటరు? 2019 సెప్టెంబర్‌ల కచ్చులూరు కాడ బోటు మునిగినంక చానా కాలం బోట్లు ఆపిన్రు. పానాలు పోయినయ్, ఆపాల్సిందే. గప్పుడు వీళ్ల పొయ్యి ఎట్ల ఎలిగిందో అడిగినోళ్లెంత మంది?

భూమి పోయినోనికే పైసలు అనుకుంటం మనం. 2013 భూసేకరణ చట్టం గట్ల చెప్పలె. మూడేండ్ల సంది అడివి మీదనో నీళ్ల మీదనో బతికేటోళ్లు కూడ ప్రభావిత కుటుంబాలే అన్నది. చేపలు పట్టేటోళ్లు, పడవ నడిపేటోళ్లు అని పేరు పెట్టి మరీ రాసిన్రు. చేతి పనోళ్లను, అక్కడ పని జేసుకునేటోళ్లను కూడ కలిపిన్రు. కని ఇసుకల గుడిసెకు పట్టా ఉంటదా? వరదొస్తే కొట్టుకపోతది, మళ్ల ఏసుకుంటరు. మూడేండ్లని ఏం కాయితం చూపిస్తరు? గ్రామసభల పంచనామా రాసి, బోట్లోళ్ల సాక్ష్యం తీసుకొని వీళ్ల పేర్లు ఎక్కియ్యాలె. నీళ్లు నింపకముందే ఎక్కియ్యాలె.

ఈ చలికాలం మీరు పోతే, బొంగు చికెన్ తినుకుంట ఆయన్ని ఒక్కమాట అడుగున్రి, "అన్నా, లిస్టుల నీ పేరున్నదా?" అని.