కాలు ఆనాలంటే బండిని ఎంత దించాలి?

సాలూరు ఘాట్‌లో కొరాపుట్ వైపు ఎక్కుతుంటే ముందున్న లారీ ఆగిపోతుంది. రోడ్డు ఓ పక్కకి వాలి ఉంటుంది, వెనక మనిషి, పక్కన సామాను. అప్పుడు మునివేళ్ళే ఆనితే బండి ఒరిగిపోతుంది. వెనక షాకప్ దగ్గర బండిని దించే కిట్ పుట్టింది ఇందుకే. దీన్ని సోకు అనుకునేవాళ్ళతో నేను ఒప్పుకోను. పొట్టివాళ్ళకీ దూరాలు తిరగాలని ఉంటుంది.

మీకు తెలుసా?

• హిమాలయన్ లాంటి బండికి వెనక ఒకటే షాకప్. దానికీ చక్రాన్ని పట్టే ఆర్మ్‌కీ మధ్య చిన్న లింకులుంటాయి. చాలా బండ్లలో వాటి స్థానంలో కాస్త పొడుగువి వేస్తే వెనక భాగం దిగుతుంది. లింకు కొద్ది మిల్లీమీటర్లు పెరిగితే చాలు, బండి అంతకు మించి దిగుతుంది. మనిషి బరువూ గోతుల దెబ్బా మోసే ముక్క అది. దయచేసి వెల్డింగ్ షాపులో పట్టీ కోయించి వేయకండి. క్లాసిక్ 350కి ఈ లింకులే లేవు, పొట్టి షాకప్‌ల జత వెతుక్కోవాలి.

• వెనక ఒక్కటే దించితే హ్యాండిల్ మందగిస్తుంది. ముందు ఫోర్కు వాలు పెరగడమే కారణం. శృంగవరపుకోట దాటి అనంతగిరి మలుపుల్లో ఇది చేతులకి బాగా తెలుస్తుంది. ఫోర్కు పైపుల్ని క్లాంపుల్లో కొంచెం పైకి జరిపించి ముందు భాగాన్నీ దించాలి.

• సైడ్ స్టాండు మాత్రం పాత పొడవే ఉంటుంది! బండి నిటారుగా నిలబడి, చిన్న తోపుకే అవతలి పక్కకి పడుతుంది. స్టాండు కురచ చేయించాల్సిందే. సెంటర్ స్టాండు వేయడమూ కష్టమవుతుంది.

• హిమాలయన్ 450 అడుగుకీ నేలకీ మధ్య ఖాళీ 230 మి.మీ. ముందూ వెనకా 30 మి.మీ. దించితే మిగిలేది 200. ఇద్దరెక్కితే అది ఇంకా తగ్గుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున 10 సెం.మీ. ఎత్తే. ఊళ్ళలో జనం పోసుకున్న దిబ్బలకి ఆ లెక్క ఉండదు. ఇంజిన్ అడుగు తగిలేది అక్కడే.

• అదే బండి సీటు మామూలుగా 825 మి.మీ. కంపెనీ అమ్మే తక్కువ ఎత్తు సీటుతో 805కి వస్తుంది, షాకప్ ముట్టుకోనక్కర్లేదు. కేటీఎం 390 అడ్వెంచర్‌కి 2023లో 830 మి.మీ. సీటుతో రకం వచ్చింది, అప్పటి మామూలుది 855. నన్నడిగితే మొదట మార్చాల్సింది సీటే. ముందు అంచు సన్నగా కుట్టించుకున్నా తొడలు దగ్గరపడి కాళ్ళు ఇంకాస్త కిందికి అందుతాయి.

• మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ వివరాలకి భిన్నంగా బండిని మార్చనివ్వదు. 2019 సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. కిట్ కొనకముందే రవాణా కార్యాలయంలో అడగండి.

• లింకులు మార్చినా చక్రం పైకి ఎగిరే దూరం దాదాపు అంతే ఉంటుంది, కానీ చక్రం పైనున్న చోటు తగ్గుతుంది. బిగించాక ఇద్దరూ కూర్చుని, సామాను పెట్టి, బండిని గట్టిగా కిందికి అదమండి. టైరు మడ్‌గార్డుకి తగులుతోందా, చైను బిగువు మారిందా చూడండి. సాలూరు బయల్దేరేది ఆ తర్వాతే.