జీవ డోలనములు - విలంబిత పునర్నివేశము

ఒక క్రియవలన పుట్టిన ఫలితము ఆ క్రియనే అణచునట్టి ఏర్పాటునకు ఋణ పునర్నివేశమని పేరు. ఇది స్థిరత్వమునే కలిగించునని సామాన్యాభిప్రాయము. అణచివేత ఆలస్యమైనచో అదియే డోలనమునకు హేతువగునని ఇచట చూపదలచితిమి. ‘విలంబము’ అను పదమును సంగీతమందలి మందగతి అను అర్థమున గాక, ఆలస్యమను అర్థముననే గ్రహింపవలెను. ఈ భేదము ముందు ముందు అవసరమగును.

1948లో హచిన్సన్ ప్రతిపాదించిన సమీకరణమున జీవసంఖ్యావృద్ధిని నిరోధించునది నేటి సంఖ్య కాదు, కొంతకాలము క్రిందటి సంఖ్య. వృద్ధిరేటును విలంబకాలముచే గుణింపగా వచ్చు లబ్ధము సుమారు 1.57 (‘పై’ విలువలో సగము) దాటినచో సమస్థితి నిలువదు. ఆ హద్దుకడ ఆవర్తకాలము విలంబమునకు నాలుగు రెట్లు. ఏలయన, సంఖ్య సమస్థితిని దాటిన వార్త నిరోధమునకు చేరువరకు వృద్ధి సాగుచునే యుండును. ఆ ఎక్కుడు ఆవర్తములో నాల్గవ పాలు గదా!

ఆస్ట్రేలియాలో గొర్రెలను బాధించు లూసిలియా జాతి ఈగలపై నికల్సన్ జరిపిన ప్రయోగములు 1954లో వెలువడినవి. ఎదిగిన ఈగలకు ఆహారము మితముగా నీయబడెను. ఈగలు హెచ్చినపుడు తిండి చాలక గ్రుడ్లు తగ్గును. కాని మునుపటి గ్రుడ్లనుండి క్రొత్త ఈగలు వచ్చుచునే యుండును. సంఖ్య 35 - 40 దినముల కొకమారు ఎగసి పడెను.

రాబర్ట్ మే ఈ ఈగలకు హచిన్సన్ సమీకరణమును అన్వయింపగా వక్రరేఖ చక్కగానే కుదిరినది. అయితే దానినిబట్టి విలంబము సుమారు 9 దినములే. ఈగ ఎదుగుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. రేఖ కుదిరినదని ఈ వ్యత్యాసమును ఉపేక్షించుట మాకు సమ్మతము కాదు. 1980లో గర్నీ, బ్లైత్, నిస్బెట్ అను మువ్వురు జనన మరణములను విడదీసిరి. విలంబము జననమునకే; చచ్చు ఈగ నేడే చచ్చును. ఇట్టి సమీకరణమున హద్దుకడ ఆవర్తకాలము విలంబమునకు రెండింతలకును నాలుగింతలకును నడుమ నుండును. సుమారు 15 దినముల విలంబముతో వారి లెక్క ప్రయోగఫలితములకు సరిపోయినది.

కణమునందును ఇదే తీరు. ఎలుక పిండములో వెన్నుపూసలకు మూలమైన ఖండములు సుమారు రెండు గంటల కొకటిగా ఏర్పడును. అందు హెస్ 7 అను ప్రోటీను తన జన్యువును తానే అణచును. జన్యువు నకలై ప్రోటీనుగా మారుటకు పట్టు కాలమే విలంబము. 2004లో హిరాటా ప్రభృతులు ఆ ప్రోటీను అర్ధాయువును సుమారు 22 నిమిషములనుండి 30 నిమిషములకు పెంచిరి. ఆలస్యము ఉన్నదే, క్షయము మాత్రము మందగించినది. డోలనము క్రమముగా అణగిపోయి, ఖండములు ఒకదానితో నొకటి కలిసిపోయెను.