పాత కంప్యూటరు మొరాయించినప్పుడు

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసినది. ఇంటిలో పదేండ్లుగా పనిచేయుచున్న కంప్యూటరునకు క్రొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కింపబూనగా, పని నడుమ ఆగిపోయి, తెరమీద ఒక ఆంగ్లవాక్యము మాత్రము మిగులుట కద్దు. అంతమాత్రమున "దీనికి ఆయువు తీరినది" అని పాతసామానులు కొనువానికి అప్పగింప నక్కరలేదు. పని ఏ మెట్టువద్ద ఆగినదో గమనించినచో కారణము సగము తెలిసినట్లే.

ముందుగా ఒక హెచ్చరిక. యంత్రభాగము పోయినచో మరియొకటి కొనవచ్చును. డిస్కులోని పిల్లల ఫోటోలు, ఇంటి కాగితములు పోయినచో తిరిగి రావు. డిస్కును విభజించు తెరలో "డిలీట్" నొక్కుట ఒక్క క్షణపు పని. కావున వానిని వేరొక డిస్కులోనికి ఎత్తి, అక్కడ తెరచి చూచుకొనిన పిమ్మటనే పనికి పూనుకొనవలెను.

"ఈ డిస్కు జి.పి.టి. తరహాది, ఇందు విండోస్ ఎక్కింప వీలులేదు" అను సందేశము వచ్చినదా? డిస్కు చెడినదని దీని యర్థము కాదు. కంప్యూటరును మేల్కొలుపు పద్ధతులు రెండు. 1981లో ఐ.బి.ఎం. పి.సి.తో వచ్చిన బయోస్ మొదటిది, యు.ఇ.ఎఫ్.ఐ. తరువాతిది. విండోస్ విషయమున మొదటి పద్ధతి ఎం.బి.ఆర్. విభజనను, రెండవది జి.పి.టి. విభజనను కోరును. యంత్రమునకు యు.ఇ.ఎఫ్.ఐ. ఉన్నచో, పెన్ డ్రైవును ఆ పద్ధతికి సిద్ధపరచి, ఆ పద్ధతిలోనే తెరచిన చాలును.

ఫైళ్లు ఎక్కుచుండగా ప్రతిసారి ఒకేచోట ఆగుచున్నచో, పెన్ డ్రైవును, దానిలోని నకలును శంకింపవలెను. దించుకొన్న ఫైలుయొక్క ఎస్.హెచ్.ఏ.-256 సంఖ్యను తయారీదారులు ప్రకటించిన సంఖ్యతో పోల్చి చూడవలెను. వేర్వేరుచోట్ల ఆగుచున్నచో అనుమానము ర్యాం మీదికి పోవును. మెమ్‌టెస్ట్86ను ఒక రాత్రి నడిపి, తప్పు కనబడినచో స్టిక్కులను ఒక్కొక్కటిగా తీసి పరీక్షింపవలెను.

తేదీ ఏండ్లకొలది వెనుకకు పోయినచో కారణము బిళ్లవంటి సి.ఆర్. 2032 బ్యాటరీ. మూడు వోల్టుల ఈ బిళ్ల నీరసించినచో గడియారము తప్పును. తేదీ తప్పినచో ఇంటర్నెట్టులోని భద్రతాపత్రములు చెల్లవు. అందుచేత దించుకొను పని ఆగిపోవును. బిళ్ల మార్చి, తేదీ సరిచేసినచో ఈ చిక్కు తీరును.

ఇక విండోస్ 11 నిరాకరించుట దోషము కాదు, నియమము. దానికి టి.పి.ఎం. 2.0, 4 జి.బి. ర్యాం, 64 జి.బి. డిస్కు కావలెను. ఇవి లేని 64 బిట్ల యంత్రమున లినక్స్ మింట్ ఎక్కింపవచ్చును. దానికి 2 జి.బి. ర్యాం చాలును, 4 అయినచో సుఖముగా నడుచును. డిస్కును ముట్టకయే, పెన్ డ్రైవునుండి నడిపి ముందుగా చూచుకొనవచ్చును.

ఏ పరీక్షయందైనను ఒకమారు ఒక్క మార్పే చేసి, దానిని కాగితముమీద వ్రాసికొనవలెను. రెండు మార్పులు ఒక్కసారి చేసినచో, యంత్రము బాగుపడినను దేనివలన బాగుపడినదో తెలియదు.