సముద్రతీరమున కుటుంబ విహారము: అండమాను యాత్రకు ముందు ఆలోచన

సెలవులు సమీపించినంతనే ఇంటిలో పిల్లలు సముద్రమును చూపుమందురు. పెద్దవాడు నీటి అడుగునకు దిగి రంగురంగుల చేపలను చూడవలెననును. చిన్నది ఇసుకలో పిచ్చుకగూళ్ళు కట్టుకొనవలెననును. ముసలితల్లి తనకు నీడపట్టున కూర్చుండు చోటు దొరకిన చాలుననును. ఈ ముగ్గురి కోరికయు ఒక్క యాత్రలో తీరుట సాధ్యమే. కాని అట్టి యాత్ర టిక్కెట్లు కొనుటతో మొదలు కాదు. ఋతువును, దూరమును, ఇంటివారి శక్తిని లెక్క చూచుకొనుటతో మొదలగును. ఉష్ణమండలమున మనకు దగ్గరనున్న అండమాను దీవులను ఉదాహరణముగా గైకొని ఆ లెక్క ఎట్లుండవలెనో విచారింతము.

బంగాళాఖాతమున ఉత్తర అక్షాంశము 6 మొదలు 14 డిగ్రీల వరకు అండమాను నికోబారు దీవులు బారుగా వ్యాపించియున్నవి. విహారమునకు పోవువారు చూచునది అండమాను భాగమే. నికోబారు దీవులకు ప్రత్యేకానుమతి కావలెను. రాజధానియగు పోర్టుబ్లెయిరునకు 2024లో శ్రీవిజయపురమని పేరు పెట్టిరి. 2018లో హేవలాకు దీవి స్వరాజ్ ద్వీపముగను, నీల్ దీవి షహీద్ ద్వీపముగను మారినవి. వ్యవహారమున పాతపేర్లు ఇంకను వినబడుచున్నవి గనుక రెండును జ్ఞాపకముంచుకొనుట మేలు. అచ్చట మన భాష వినబడిన ఆశ్చర్యపడనక్కరలేదు. 2011 జనగణన ప్రకారము ఆ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగే.

మొదట నిర్ణయించుకొనవలసినది కాలము. మే నెల ఉత్తరార్ధమున నైఋతి ఋతుపవనము ఆ దీవులను తాకును. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియును. అందు అధికభాగము మే మొదలు నవంబరు లోపలనే పడును. వర్షాకాలమునకు ముందును, ఆ కాలము ముగియు దినములలోను తుపానుల భయము కలదు. జనవరి నుండి ఏప్రిలు వరకు సముద్రము సామాన్యముగా శాంతముగా నుండి, నీరు తేటపడి, అడుగుననున్న పగడపుదిబ్బలు చక్కగా కనబడును. కావున పిల్లల సంక్రాంతి సెలవులు ఈ యాత్రకు మిక్కిలి అనుకూలమైనవి. వేసవిలోనే పోవలసినవారు మే నెల ముదరకముందే తిరిగివచ్చుట మంచిది.

పిమ్మట దూరము. విశాఖపట్టణమునకును పోర్టుబ్లెయిరునకును నడుమ సముద్రమార్గము సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో పోయినచో రెండున్నర మొదలు మూడు దినములు పట్టును. ఆ ఓడలును నిత్యము నడచునవి కావు. రాకపోకలకే వారములో అధికభాగము పట్టు ఓడ ప్రయాణము, సెలవు తక్కువగా గలవారికి పనికిరాదు. వారు విమానములోనే పోవలెను. చెన్నపట్టణము నుండి అది రెండు గంటలకు పైబడిన ప్రయాణము మాత్రమే.

అచ్చటి గడియారమును మన గడియారమే కాని సూర్యుడు మాత్రము ముందుగా వచ్చును. మన దేశకాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశము కాకినాడ సమీపముగా పోవుచున్నది. అండమాను దానికి పది డిగ్రీలు తూర్పుననున్నది. డిగ్రీకి 4 నిమిషముల వంతున లెక్కించిన, అచ్చట సూర్యోదయ సూర్యాస్తమయములు కాకినాడలోకంటె సుమారు 40 నిమిషములు ముందుగా జరుగును. సాయంకాలము ఐదున్నరకే చీకటి మూగుటకు కారణమిదియే. ఆలస్యముగా నిద్రలేచు కుటుంబమునకు అచ్చట సగము దినము వృథాయగును.

ఏడు దినములకు కార్యక్రమమిట్లు వేసికొనవచ్చును. మొదటి దినము పోర్టుబ్లెయిరులో విశ్రమించి, సెల్యులర్ జైలును చూడవలెను. 1896లో ఆరంభించి 1906లో ముగించిన ఆ కట్టడమును చూడని పిల్లలకు ఆ దీవుల కథ సగమే తెలియును. రెండవనాడు పడవలో స్వరాజ్ ద్వీపమునకు చేరి, మూడు రాత్రులుండవచ్చును. పడమటి తీరమందలి రాధానగరు ఇసుకతిన్నె పిల్లలకు, పెద్దలకు కూడ సుఖమైనది. ఐదవనాడు షహీద్ ద్వీపము. ఆరవనాటికి మరల పోర్టుబ్లెయిరు. ఏడవనాడు విమానము.

ఆరవనాటి రాత్రి రాజధానిలోనే గడపవలెనని నొక్కి చెప్పుటకు కారణము కలదు. కొన్నియేండ్ల క్రిందట మేము చివరి రాత్రియును చిన్న దీవిలోనే ఉండి, ఉదయము పడవలో వచ్చి మధ్యాహ్నము విమానమెక్కుదమనుకొంటిమి. తెల్లవారుసరికి గాలి లేచినది. పడవలు నిలిపివేసిరి. విమానపు టిక్కెట్ల డబ్బు పోయినందుకు నాకంత విచారము కలుగలేదు. మా అమ్మ రక్తపుపోటు మాత్రలు దినములకు సరిగా లెక్కపెట్టి తెచ్చితిమి. ఆ రాత్రికి అవి నిండుకొన్నవి. ఆ చిన్న దీవిలో ఆ మాత్రల కొరకు నేను తిరుగుచుండగా, “కంగారు పడకురా” అని ఆమెయే నాకు ధైర్యము చెప్పినది. మాత్రలు దొరకినవి. కాని నాటినుండి మందులు మూడు దినములకు అదనముగా లేనిదే మేము గడప దాటుటలేదు.

ఇక నీటి విషయము. సముద్రము చూపులకు శాంతముగా ఉన్నను, ఒడ్డునకు వచ్చిన నీరు ఒక్కొక్కచోట సన్నని పాయగా వేగముతో వెనుకకు పోవును. అట్టి పాయలో చిక్కినవాడు ఒడ్డువైపునకు ఎదురీది అలసిపోరాదు. తీరమునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ఆ పాయ దాటినపిదప ఒడ్డునకు రావలెను. ఈతరానివాడు తేలియుండి చేయెత్తి పిలువవలెను. అండమానులో ఉప్పునీటి మొసళ్ళును కలవు. 2010లో స్వరాజ్ ద్వీపమున ఒక పర్యాటకురాలు మొసలి వాతబడి మరణించినది. హెచ్చరిక పలకలున్నచోటను, కాలువలు సముద్రమున కలియుచోటను, చీకటివేళను నీట దిగరాదు. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క పెద్దవారిని పేరుపెట్టి కాపుంచవలెను. “అందరము చూచుచున్నాము” అనుకొన్నచోట ఎవరును చూడకుందురు.

పోటు, పాటు తెలిసికొనుటకు పంచాంగమును తోడుగా తీసికొనుడు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు మిక్కిలి ఎత్తుగను, పాటు మిక్కిలి లోతుగను ఉండును. షహీద్ ద్వీపమందలి సహజ శిలాతోరణమును చేరుటకు పాటువేళయే తగినది. ఆ వేళ దినదినమునకు సుమారు 50 నిమిషములు వెనుకపడును గనుక ముందుగా అడిగి తెలిసికొనవలెను.

సాహసమును కోరువారికి గాలి తొట్టితో నీట మునుగు స్కూబా క్రీడ కలదు. శిక్షకుడు వెంటనుండును గనుక ఈతరానివారును దిగవచ్చును. సాధారణముగా పదియేండ్లు నిండని పిల్లలను దింపరు. ఉబ్బసము, గుండెజబ్బు, చెవిపోటు కలవారు వైద్యుని అడుగనిదే దిగరాదు. నీట మునిగినప్పుడు పీడనము వలన నత్రజని శరీరమున ఎక్కువగా కరగును. వెంటనే విమానమెక్కినచో, పైని పీడనము తగ్గి, సోడాబుడ్డి మూత తీసినట్లు ఆ వాయువు బుడగలుగా వెలువడి అపాయము కలిగించును. కావున మునుగుటకును విమానమునకును నడుమ ఒక దినము తెరపి ఉంచుట క్షేమము. పై కార్యక్రమమున మూడవనాడో నాల్గవనాడో మునిగిన ఈ చిక్కు లేదు.

పగడపుదిబ్బ రాయి కాదు. అది ప్రాణుల నివాసము. దానిపై నిలువరాదు, విరువరాదు, చచ్చిన ముక్కనైనను ఇంటికి తేరాదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము అందులకు శిక్ష విధించును. బారాటాంగు గుహలకు పోవు మార్గము జారవాల అడవిగుండ సాగును. అచ్చట వాహనము నిలుపుట, వారి ఛాయాచిత్రములు తీయుట, తినుబండారములిచ్చుట నేరములు. ఆ అడవి వారి ఇల్లు. పరుల ఇంటిలోనికి తొంగిచూడరాదని పిల్లలకు ముందే చెప్పవలెను.

తుదకొక మాట. కార్యక్రమమున ఒక పూటనైన ఏ పనియు వ్రాయకుడు. ఆ పూట మాత్రము పెద్దవాడు చూచిన చేపలను గురించి చెప్పును. చిన్నదాని పిచ్చుకగూటిని అల వచ్చి తీసికొనిపోవును. నీడపట్టున కూర్చున్న ముసలితల్లి రెండింటిని చూచి నవ్వుకొనును. మన లెక్కలన్నియు ఆ ఒక్క పూటను నిశ్చింతగా గడపుటకే.