డాక్టరుగారి మొదటి ప్రశ్నకు జవాబు ఇంట్లోనే ఉంది

బదిలీ అయిన ప్రతిసారీ సామానుతో పాటు మన తాతయ్యలు, నానమ్మలు కూడా కొత్త ఊరికి వస్తారు. వాళ్లలో కొందరికి ఏళ్ల తరబడి ఆయాసం ఉంటుంది. బీడీ, చుట్ట పొగ వల్ల కొందరికి, జీవితమంతా కట్టెల పొయ్యి ఊదినందువల్ల మరికొందరికి ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు ఇరుకైపోతాయి. డాక్టర్లు దీన్ని సి.ఓ.పి.డి. అంటారు. మామూలు రోజుల్లో ఇన్‌హేలర్‌తో నెట్టుకొస్తారు. జలుబు ఒకటి పట్టుకుందంటే రెండు మూడు రోజుల్లో ఆయాసం ముదిరి, ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది.

అక్కడి అత్యవసర విభాగంలో డాక్టరు ఆక్సిజన్, నెబ్యులైజర్ మొదలుపెడుతూనే ఇంకో పని కూడా చేయాలి. ఈ మనిషికి వార్డు చాలా, ఐ.సి.యు. కావాలా, త్వరగా ఇంటికి పంపొచ్చా అని అంచనా వేయాలి. కంటిచూపుతో వేసే అంచనా తప్పవచ్చు. గట్టిగా రొప్పుతున్నవారు తేరుకోవచ్చు. మగతగా, నిశ్శబ్దంగా పడుకున్నవారే పెద్ద ప్రమాదంలో ఉండొచ్చు.

ఉత్తర ఇంగ్లండులోని వైద్యులు ఇలా చేరిన 920 మంది వివరాలు పరిశీలించి, 2012లో ఒక మార్కుల లెక్క ప్రకటించారు. ఆ 920 మందిలో దాదాపు పదోవంతు ఆసుపత్రిలోనే చనిపోయారు. గట్టెక్కినవారికీ వీరికీ చేరినప్పుడే కనిపించిన తేడాలేమిటని వెతికితే ఐదు విషయాలు తేలాయి. వాటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే ‘డీకాఫ్’. కెఫీన్ తీసేసిన కాఫీని కూడా అలాగే అంటారు కాబట్టి ఆ పేరు ఎవరూ మరచిపోరు!

వీటిలో నాలుగింటిని పరీక్షలు చెప్పేస్తాయి. రక్తంలో ఇసినోఫిల్ అనే తెల్లకణాలు బాగా తగ్గడం, ఎక్స్‌రేలో న్యుమోనియా మచ్చ, రక్తంలో ఆమ్లం పెరిగి పి.హెచ్. 7.30 కంటే పడిపోవడం, ఒక రకంగా గుండె లయ తప్పడం. ఒక్కోదానికి 1 మార్కు. ఇక్కడ మార్కులు ఎక్కువ వస్తే సంతోషించకూడదు. మొత్తం 6కి 3 దాకా వస్తేనే ప్రమాదం ఎక్కువని అర్థం.

మొదటి అక్షరానిది మాత్రం ఆయాసం. దానికొక్కదానికే 2 మార్కుల దాకా ఉన్నాయి. విచిత్రమేమిటంటే, అది ఈ రోజు ఆయాసం కాదు. గత మూడు నెలల్లో, జబ్బు ముదరని మామూలు రోజుల్లో ఎలా ఉండేవారన్నది. తోడు లేకుండా ఇల్లు దాటలేకపోతే 1 మార్కు. దాంతో పాటు స్నానానికీ, బట్టలు కట్టుకోవడానికీ కూడా సాయం కావాల్సివస్తే 2.

దీన్ని ఏ యంత్రమూ చెప్పలేదు. పాత ఊళ్లో ఎప్పుడూ చూసే డాక్టరుగారికైతే తెలిసి ఉండేది. కొత్త ఊళ్లో రాత్రి రెండు గంటలకు ఎదురయ్యే డాక్టరుకు మన తాతయ్య పేరు కూడా కొత్తే. అప్పుడు మన ఇళ్లల్లో ఏం జరుగుతుంది? పెద్దవాళ్లు మొహమాటంతో “బాగానే తిరిగేవారండీ” అనేస్తారు. లేదా కంగారులో “ఎప్పుడూ ఇంతేనండీ” అంటారు. రెండు జవాబులూ లెక్కను తప్పుదారి పట్టిస్తాయి. “నెల క్రితం పాల బూత్ దాకా ఒక్కరే వెళ్లొచ్చేవారు” అనో, “సంక్రాంతి నుంచి స్నానం నాన్నే చేయిస్తున్నారు” అనో చెబితే డాక్టరుకు పనికొస్తుంది. తాతయ్యతో రోజూ ఎక్కువసేపు గడిపేది మనమే కాబట్టి, ఈ మాట చెప్పగలిగేదీ చాలాసార్లు మనమే.

ఈ మార్కులు జాతకం కావు. అవి ఒక గుంపు గురించి చెబుతాయి, ఒక మనిషి గురించి ఖాయంగా చెప్పలేవు. తక్కువ మార్కులు వచ్చినవారిని ఇంట్లోనే ఉంచి, నర్సులు వచ్చి చూసేలా వైద్యం చేయడాన్ని కూడా ఇంగ్లండులో పరీక్షించి చూశారు.