పసివారి మందు చీటి

పిల్లలకు మందు వ్రాయుటయనగా పెద్దల మోతాదును సగము చేయుటయే యని మనలో పెక్కుమంది తలంపు. ఈ తలంపు ఎంత ప్రమాదకరమో తెలుపు ఉదంతమొకటి కలదు.

క్లోరాంఫెనికాల్ టైఫాయిడ్ జ్వరమునకు గొప్ప మందుగా పేరొందిన రోజులలో, నెలలు నిండక పుట్టిన శిశువులకు అంటురోగములు సోకకుండ ముందుజాగ్రత్తగా దానిని ఇచ్చుచుండిరి. లాస్ ఏంజెలిస్ వైద్యులు ఆ మందు పొందిన శిశువులను, పొందని శిశువులను సరిపోల్చి 1959లో ఫలితములను ప్రకటించిరి. మందు పొందిన వారిలోనే మరణములు మిక్కిలి హెచ్చుగా నుండెను. పసికందు కాలేయము ఆ మందును మార్చి వెలికి పంపజాలదు. అది రక్తమున పేరుకొని, ఒడలు బూడిదవన్నెకు తిరిగి, ప్రాణమునకే ముప్పు తెచ్చును. మందిచ్చిన వారి ఉద్దేశము మంచిదే. నిజము బయటపడినది మాత్రము లెక్క చూచిన పిమ్మటనే.

ఆసుపత్రులలో మందు చీటీలను పరీక్షించుట ఇట్టి లెక్కయే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో ఇందుకొక పద్ధతిని నిర్ణయించినది. కనీసము 600 మంది రోగుల చీటీలను తీసి అయిదు సంగతులు చూడవలెను. ఒక్కొక్కరికి సగటున ఎన్ని మందులు వ్రాసిరి? మందు అసలు పేరుతో ఎన్ని వ్రాసిరి? నూటికి ఎందరికి యాంటిబయాటిక్ ఇచ్చిరి? ఎందరికి సూదిమందు ఇచ్చిరి? వ్రాసిన వానిలో అత్యవసర మందుల పట్టికలోనివి ఎన్ని? పిల్లలకై ఆ సంస్థ ప్రత్యేక పట్టికను 2007లో వెలువరించినది.

అయితే పిల్లల విషయమున ఈ అయిదును చాలవు. బిడ్డ బరువు చీటిలో ఉన్నదా యని మొదట చూడవలెను. పది కిలోల బిడ్డకు జ్వరము వచ్చినదనుకొందము. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ ఒక మోతాదు 150 మిల్లీగ్రాములు. మన అంగళ్లలో ఆ మందు అయిదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు గల సిరప్పుగాను, 250 గల సిరప్పుగాను, ఒక్క మిల్లీలీటరుకే 100 గల చుక్కలమందుగాను దొరకును. చీటిలో “ఒక చెంచా” అని మాత్రమే యున్నచో, అదే చెంచాతో బిడ్డకు 125 చేరవచ్చును, 250 చేరవచ్చును, 500 కూడ చేరవచ్చును. ఇట్టి అధిక మోతాదులు మరల మరల పడినచో కాలేయము చెడును. అట్లే అర మిల్లీగ్రామును వ్రాయునపుడు బిందువునకు ముందు సున్న లేకున్న, బిందువు కంటికానక మోతాదు పదిరెట్లగును.

ఇవి ఊహలు కావు. బోస్టన్‌లోని రెండు ఆసుపత్రులలో పిల్లలకు వ్రాసిన 10,778 మందుల ఆదేశములను పరిశీలింపగా 616 పొరపాట్లు కనబడినవని 2001లో ప్రకటించిరి. హాని కలిగింపగల పొరపాట్లు పెద్దల విషయమున అంతకుముందు కనుగొన్న దానికి మూడురెట్లుండెను. అందు హెచ్చుభాగము మందు వ్రాయు ఘట్టముననే జరిగినవి.

ఈ పరీక్ష వైద్యుని తప్పుపట్టుటకు కాదు. ఫలితమును ఆ వార్డు వారికే చూపి, కొన్ని నెలల పిదప మరల లెక్కించినగాని ప్రయోజనము సిద్ధింపదు. తల్లిదండ్రులు చేయదగినదియు కొంత కలదు. బిడ్డను తూచి బరువు వ్రాయుడని కోరవలెను. మోతాదు ఎన్ని మిల్లీలీటర్లో, ఏ సీసాలోనిదో అడిగి తెలిసికొనవలెను. పెద్దవారైనచో మందు పడలేదని నోరు తెరచి చెప్పుదురు. పసివాడు చెప్పలేడు గనుక వాని తరపున మనమే అడుగవలసియున్నది.